సగం నిద్రలో బాపు

తొంభై ఐదు ఎండాకాలంలో మా బాపు నాతో మాట్లాడాడు. అంతకు ముందు ఇరవై ఏళ్లలో మాట్లాడనన్ని మాటలు రెండు వారాల్లో మాట్లాడాడు. కాకపోతే అప్పుడాయన పూర్తిగా మెలకువలో లేడు.

బాపు పేరు కిషన్ రావు. కాచిగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. పొద్దున్నే అశోక్‌నగర్‌లోని మా ఇంట్లోంచి సైకిలు బయటికి తీసి, రోజంతా ఎవరెవరో రాసిన పుస్తకాల్లో తప్పులు దిద్ది, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. అన్ని అక్షరాలు చూసి చూసి అలసిపోయేవాడో ఏమో, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. అది కోపం కాదు. కొట్టిన రోజు లేదు, తిట్టిన రోజూ లేదు. ఎదురుగా కూర్చున్నా గోడకవతల ఉన్నట్టు ఉండేవాడు. నేను పేపరు పైకి చదువుతుంటే మాత్రం, ఏ గదిలో ఉన్నా ఒక్క మాట వినిపించేది. "ఒత్తు." నేను 'బాష' అని చదివి ఉంటాను. 'భాష' అని దిద్దుకునేదాన్ని. ఆయనకూ నాకూ మధ్య నడిచే సంభాషణ దాదాపు అంతే.

ఏప్రిల్ చివర్లో, చిక్కడపల్లి లైబ్రరీకి కాస్త ఇవతల, నీళ్ల ట్యాంకరు కార్చుకుంటూ పోయిన తడిలో ఆయన సైకిలు జారింది. కుడి తుంటి విరిగింది. నేనప్పుడు ఆ లైబ్రరీలోనే గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్నాను. బయట ఏదో గోల వినిపించింది గానీ తల ఎత్తలేదు. ఎవరో పుణ్యాత్ములు ఆటోలో వేసి నారాయణగూడలో ఒక సందులోని నర్సింగ్ హోముకు చేర్చారు. మర్నాడే ఆపరేషన్ చేసి ఎముకకు ఉక్కు పట్టీ బిగించారు. మూడు వారాలు కదలకూడదన్నారు.

ఆ గదిని ఇప్పటికీ కళ్లు మూసుకుంటే చూడగలను. రెండు మంచాలు. గోడలకు సగం దాకా ఆకుపచ్చ రంగు. కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడక మీద ఆయా ఆశమ్మ గంటకోసారి నీళ్లు చల్లిపోయేది. మూలనున్న కూలరు ఆ వాసనంతా మా మీదికి ఊదేది. మధ్యాహ్నం రెండు దాటితే రోడ్డు మీద రిక్షా గంట కూడా వినిపించేది కాదు. తడక సందుల్లోంచి వచ్చే వెలుగు నేల మీద చిన్న చిన్న చుక్కలై కదులుతుంటే, నీళ్ల అడుగున కూర్చున్నట్టుండేది.

రెండో మంచం మీద బుగ్గయ్య ఉండేవాడు. మహబూబ్‌నగర్ దిక్కు మనిషి. మా అశోక్‌నగర్‌లోనే కడుతున్న అపార్టుమెంటు మూడో అంతస్తు నుంచి పడి రెండు కాళ్లూ విరగ్గొట్టుకున్నాడు. అతని భార్య రామమ్మ మంచం పక్కన కిందే కూర్చునేది, కిందే తినేది. కూర్చున్నంతసేపూ మొగుడి ఛాతీ వైపే చూసేది.

అలా చూడమని చెప్పింది సిస్టర్ అంబిక. ఆపరేషన్ అయిన రోజు మా రెండు ఇళ్లవాళ్లనూ ఒకచోట నిలబెట్టి చెప్పింది.

"ఈ నొప్పి ఇంజక్షన్ మంచిదే. కానీ కొందర్ని మరీ లోపటికి పండవెడ్తది. ఊపిరి తీసుకునుడు గూడ మర్శిపోతరు. అందుకని ఛాతీ లేస్తుందా లేదా చూస్తుండాలె. పేరు వెట్టి పిలిస్తే పలకాలె. గురక ఆగి ఆగి వస్తుంటే నిద్ర మంచిగ పట్టిందని సంబరపడొద్దు. ఉరికొచ్చి నాకు చెప్పాలె. ఇంటికాడి మందులు ఒక్కటి గూడ నాకు చెప్పకుంట ఇయ్యొద్దు."

రామమ్మ ప్రతి మాటకూ తల ఊపింది. అమ్మ టిఫిను డబ్బా మూత వెతుకుతోంది. నేను డిగ్రీ చదివినదాన్ని, ఇవన్నీ నాకు చెప్పక్కర్లేదనుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

పొద్దుటి పూట అమ్మ ఉండేది, మధ్యాహ్నాలు నేను. రెండు గంటలకు ఇంజక్షను ఇచ్చేవారు. కాసేపటికి బాపు మొహంలో బిగిసిన ముడులు ఒక్కొక్కటే వదులయ్యేవి. నుదుటి మీద గీతలు పోయేవి. పెదాలు కొంచెం తెరుచుకునేవి. రెండో రోజో మూడో రోజో, ఆ తెరుచుకున్న పెదాల్లోంచి మాట వచ్చింది.

"చిట్టీ, కాళ్లు పైకి తీస్కో. నీళ్లొచ్చినయి."

నన్నెవరూ చిట్టీ అని పిలవరు. ఇంట్లో నేను దివ్యను, కాగితాల మీద శ్రీదివ్యను. పక్కన ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను.

"ఏ నీళ్లు బాపు?"

"గదంత నీళ్లే. జర చూడు, అక్షరాలు ఈదుతున్నయ్. 'క' తోకెట్ల ఆడిస్తుందో చూడు."

నవ్వు వచ్చింది. ఆయన కూడా నవ్వాడు. బాపుకు పై వరుసలో ఒక పన్ను వంకర అని నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత రోజులన్నీ అలాగే గడిచాయి. చిన్నప్పుడు నేర్చుకున్న ఈత గురించి చెప్పాడు. ప్రెస్సులో చేరిన మొదటి రోజు సీసపు అక్షరాలు చేతిలోకి తీసుకుంటే ఎంత చల్లగా ఉన్నాయో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయేవాడు. కాసేపు ఎక్కడికో వెళ్లి, వేరే మాటతో తిరిగొచ్చేవాడు. నేను నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, చదవకుండా, ఆయన తిరిగొచ్చే దారి చూస్తూ కూర్చునేదాన్ని. లైబ్రరీ మానేశాను. ఇంటి నుంచి నారాయణగూడ దాకా ఆ ఎండలో నడిచేటప్పుడు కూడా కాళ్లు నేల మీద ఉన్నట్టుండేది కాదు.

ఒకరోజు నుమాయిష్ సంగతి, అదే ఏటా పెట్టే ఎగ్జిబిషన్ సంగతి చెప్పాడు. కళ్లు సగం మూసుకునే చెప్పాడు.

"నీకు నాలుగేండ్లు. నుమాయిష్‌ల తప్పిపోయినవ్ చిట్టీ. మీ అమ్మ ఏడ్సుకుంట అటు ఉరికింది. మీ మామ ఇటు ఉరికిండు. అందరు నన్ను గూడ ఉరుకుమంటున్నరు. నేను ఉరకలే. గాజుల దుకాణం ముంగట, నా చెయ్యి నువ్వు ఇడిసిన జాగల్నే నిలవడ్డ."

"ఎందుకు బాపు?"

"నేను గూడ కదిలితే, నువ్వు మర్లొచ్చి ఎవర్ని చూస్తవ్?" అన్నాడు. "రెండు గంటలు నిలవడ్డ. అందరు తిట్టిండ్రు. మనిషివా బండవా అన్నరు. ఆఖరికి నువ్వే వచ్చినవ్. ఒక్కదానివే నడుసుకుంట వచ్చి నా చెయ్యి పట్టుకున్నవ్. ఏం జరగనట్టు."

ఆ కథ మా ఇంట్లో నేను వేరేలా విన్నాను. బిడ్డ తప్పిపోతే కదలకుండా నిలబడ్డ తండ్రి అని మా మామ పెళ్లిళ్లలో చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వులకు బాపు ఎప్పుడూ జవాబు చెప్పలేదు. కూలరు గాలికి దుప్పటి అంచు కదులుతోంది. నేను ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను. మెలకువ వస్తుందేమోనని పట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ పేరు విద్యావతి. ఆమె బియ్యం ఏరుతూ వింది.

"గింత మాట్లాడ్తడా నీతోని?" అంది చివరికి.

"ఆఁ అమ్మా. రోజు."

"పొద్దున నేనుంటే ఒక్కటే కసురుడు. దిండు సక్కగ లేదంటడు, ఛాయ్ చల్లారిందంటడు." చాటలో ఒకే గింజను రెండుసార్లు తిరగేసింది. "నా గురించేమన్న అన్నడా?"

అనలేదు. కానీ అమ్మ మొహం చూసి, "నీ పచ్చ చీర గురించి అడిగిండు" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. అమ్మ చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. మర్నాడు పొద్దున పచ్చ చీర కట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

రెండో వారం గడిచాక డాక్టరు బాలకిషన్ చీటీ మార్చి రాశాడు. "ఇంక ఇంజక్షన్ రోజు వద్దు. గోలీలు చాలు. మరీ నొప్పుందని ఆయనే అడిగితే ఇద్దాం" అన్నాడు. మంచి మాటే. ఎవరైనా సంతోషించాల్సిన మాట.

ఆ మధ్యాహ్నం బాపు పూర్తిగా మెలకువలో ఉన్నాడు. మరుసటి రోజు కూడా. ముడులన్నీ మొహం మీదికి తిరిగొచ్చాయి. పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

"బాపు, ప్రెస్సుల మొదటిరోజు గురించి చెప్తుంటివి గదా" అన్నాను.

"ఏం ప్రెస్సు?" అన్నాడు. గొంతులో విసుగు లేదు. ఏమీ లేదు. మళ్లీ గోడకవతలికి వెళ్లిపోయాడు.

మూడో రోజు నేను చేసిన పని చెబుతాను. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని చిన్నది చేసి చెప్పలేను.

ఆ రోజు సిస్టర్ అంబిక మధ్యాహ్నం డ్యూటీకి ఇంకా రాలేదు. కొత్తగా చేరిన సరిత అనే అమ్మాయి ఉంది. నేను ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను.

"మా బాపుకు నొప్పి చాన ఉంది సిస్టర్."

సరిత చీటీ చూసింది. "ఆయనే అడిగిండా?"

"ఆఁ. అడిగిండు."

ఆమె సూది తీసుకుని వచ్చింది. బాపు మగతగా ఉన్నాడు. ముందు రెండు రోజులూ ఇలా లేడని నాకు అనిపించింది కూడా. ఎండకేమో అనుకున్నాను. చెయ్యి చాపమంటే చాపాడు. రోగులు సూది ఎందుకని అడగరు కదా, వేస్తుంటే వేయించుకుంటారు.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ముడులు విడిపోయాయి. పెదాలు తెరుచుకున్నాయి. మాట రాలేదు. "బాపు, నేను చిట్టీని" అన్నాను మెల్లగా. గురక మొదలైంది. లోతైన గురక. ఎంత హాయిగా పడుకున్నాడో అనుకున్నాను. కొంచెం నిరాశగా కూడా ఉంది. కూలరు మోత, వట్టివేళ్ల వాసన, నేల మీద కదిలే చుక్కలు. నా కళ్లు కూడా మూతలు పడ్డాయి. ఎక్కడో నీళ్లు వచ్చి మంచాల కిందుగా పారుతున్నట్టు, నేనూ ఆయనా వాటి మీద తేలుతూ పోతున్నట్టు అనిపించింది.

కరెంటు పోయింది. కూలరు గిర్రున తిరిగి తిరిగి ఆగింది. ఒక్కసారిగా గది నిండా నిశ్శబ్దం.

"బిడ్డా." రామమ్మ గొంతు. "మీ బాపు గురక ఆగింది."

"నిద్రపోతున్నడమ్మా" అన్నాను కళ్లు తెరవకుండానే.

"నిద్ర గాదు బిడ్డా. ఆగి ఆగి వస్తున్నది. ఇప్పుడు ఇర్వై దాంక లెక్కవెట్టిన, రాలె. లే, లేసి సూడు."

లేచాను. బాపు ఛాతీ కదలడం లేదు. చూస్తూ నిలబడ్డాను. అప్పుడు ఒక పెద్ద గురక వచ్చి, మళ్లీ ఆగింది. పెదాల రంగు మారింది. గోళ్లు నేరేడు పండు తిన్న నోరులా ఉన్నాయి.

"బాపు! బాపు!" భుజం పట్టి ఊపాను. తల అటూ ఇటూ ఊగిందే తప్ప కళ్లు తెరవలేదు.

రామమ్మ అప్పటికే వరండాలోకి పరుగెత్తింది. రెండు కాళ్లకూ కట్టుతో లేవలేని బుగ్గయ్య పడుకున్న చోటి నుంచే, "ఓ సిస్టరమ్మా! ఓ సిస్టరమ్మా!" అని పొలం గట్టు మీది నుంచి కేకేసినట్టు అరుస్తున్నాడు.

అంబిక వచ్చింది. అప్పుడే డ్యూటీకి వచ్చినట్టుంది, చేతిసంచీ భుజానికే ఉంది. బాపు గడ్డం పట్టి తల వెనక్కి వంచింది. రెప్ప ఎత్తి చూసింది. నల్లగుడ్డు మధ్య చుక్క ఆవగింజంత ఉంది. భుజం మీద గట్టిగా గిల్లింది. "కిషన్ రావు గారూ! ఊపిరి తీస్కోండ్రి. కిషన్ రావు గారూ!" ఆ మాటకు ఒక ఊపిరి వచ్చింది. తను చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టింది.

"నిమిషానికి ఆరే. సరితా, ఆక్సిజన్ తే. డాక్టర్ సాబ్‌ను పిలువు. ఏమిచ్చినవ్?"

"నొప్పి ఇంజక్షన్. రెండు దాటినంక. పేషెంటు అడిగిండన్నరు." అంది సరిత.

"ఒక్క ఇంజక్షన్‌కు గింత కాదు. ఇంకేమిచ్చిండ్రు?" అని నా వైపు తిరిగింది. "ఇంట్ల మందులేమన్న ఇచ్చిండ్రా?"

"లేదు సిస్టర్. ఏం ఇయ్యలే."

"ఇచ్చినం." తలుపు దగ్గర అమ్మ. పొద్దుట మరిచిపోయిన టిఫిను డబ్బా కోసం తిరిగొచ్చింది. పచ్చ చీర కొంగుతో నోరు మూసుకుని చెప్పింది. "పన్నెండు గంటలకు. నాకు కిందటేడు రాసిన నిద్రగోలీలు. రెండు."

 బాలకిషన్ వచ్చాడు. ఆక్సిజన్ ముసుగు పెట్టారు. చేతి నరానికి విరుగుడు ఇంజక్షను కొంచెం కొంచెంగా ఎక్కించారు. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే యంత్రాలు అప్పట్లో అక్కడ ఆపరేషన్ గదిలోనే ఉండేవి. అందుకని అంబిక అరచెయ్యి బాపు ఛాతీ మీద పెట్టి, పైకి లెక్కపెడుతూ ఉంది. అమ్మా నేనూ గోడకు ఆనుకుని ఆ అంకెలు విన్నాం.

రెండు నిమిషాలు పట్టిందంటారు. బాపు కళ్లు తెరిచాడు. తెరిచీ తెరవగానే అరిచాడు. విరుగుడు మందు నిద్రనే కాదు, నొప్పి తగ్గించిన మందునంతా తుడిచేస్తుందట. ఆ అరుపు నారాయణగూడ చౌరస్తా దాకా వినిపించి ఉంటుంది. అమ్మ కింద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

"అయిపోలేదమ్మా" అన్నాడు బాలకిషన్. "ఈ విరుగుడు గంటల అయిపోతది. లోపలున్న మందు, మీ గోలీలు ఇంకా పోలేదు. మళ్ల పండవెట్టాలని చూస్తయి. సాయంత్రం దాక సిస్టర్ ఊపిరి లెక్కవెడ్తది, నేను ఇక్కడే ఉంట. అవసరమైతే మళ్ల ఇస్త. మీరు ఆయన్ను పిలుస్తుండుండ్రి. మాట్లాడిస్తుండుండ్రి."

మాట్లాడించమన్నాడు. మా బాపును!

మొదట బాగానే ఉన్నాడు. నొప్పితో మూలిగాడు. తర్వాత రెప్పలు బరువెక్కాయి. "బాపు, నాతోని మాట్లాడు" అన్నాను. ఊఁ అన్నాడు. "బాపు, నేనెవరు?" ఊఁ. అమ్మ పక్కన నిలబడి, "ఇగో, వింటున్నరా? ఇగో!" అంటోంది. ఊఁ కూడా రాలేదు. అంబిక గిల్లబోతుంటే, బల్ల మీద పొద్దుటి పేపరు కనబడింది. ఎందుకు తీశానో తెలియదు. చదవడం మొదలుపెట్టాను. భయంతో నాలుక తడబడింది.

"రాష్ట్ర ప్రబుత్వం..."

బాపు కనుబొమలు కదిలాయి.

"...విద్యుత్ కోత పై బారీ..."

ముసుగులోంచి ఏదో శబ్దం వచ్చింది. అంబిక ముసుగు కొంచెం జరిపింది.

"ఒత్తు" అన్నాడు బాపు.

అమ్మ నా భుజం పట్టుకుంది. "చదువు, చదువు" అంది.

ఇక ఆపలేదు. పేపరులో ఉన్న ప్రతి ఒత్తూ మింగేశాను. బర్త అన్నాను, దనం అన్నాను, కటినం అన్నాను. రెండు వాక్యాలకోసారి ఆయన రెప్పలెత్తి, "ఒత్తు" అనేవాడు. కొన్నిసార్లు గొణుగుడు, కొన్నిసార్లు స్పష్టంగా. అలవాటై మళ్లీ జారుతుంటే 'ళ'కు 'ల' అనేదాన్ని, 'ణ'కు 'న' అనేదాన్ని. ఒకసారి పూర్తిగా కళ్లు తెరిచి, "నీకు డిగ్రీ ఎవరిచ్చిండ్రే?" అన్నాడు. పక్క మంచం మీద బుగ్గయ్య గట్టిగా నవ్వాడు. నాకు పేపరు అయిపోతే రామమ్మ తన మూటలోంచి పకోడీ పొట్లం కాగితం తీసి ఇచ్చింది. అదీ చదివాను. మధ్యలో ఒకసారి ఊపిరి తగ్గితే డాక్టరు మరో కొంచెం విరుగుడు ఎక్కించాడు. చిక్కడపల్లి గుడి సాయంత్రం గంట మోగేసరికి నా గొంతు పూర్తిగా పోయింది. అంబిక నిమిషానికి పద్నాలుగు లెక్కపెట్టి, మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

"ఇంక పడుకోనియ్యొచ్చు. నేను చూస్తుంట" అంది.

అమ్మా నేనూ వరండాలోకి వచ్చాం. కుళాయి దగ్గర మొహాలు కడుక్కున్నాం.

"నేనే అమ్మా" అన్నాను. "బాపు అడగలే. నేనే నొప్పుందని అబద్ధం చెప్పి ఇప్పించిన."

అమ్మ కుళాయి కట్టలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"నీతోటి అంతగనం మాట్లాడ్తడు. నాతోటి గూడ ఒక్కపూట గట్ల మాట్లాడ్తడేమోనని..." అంది. "ఇంజక్షన్ బంద్ వెట్టిండ్రు గదా. గోలీలు గూడ గట్లనే పని చేస్తయనుకున్న. వేసి కూసున్న, గంటసేపు. ఒక్క మాట రాలేదు. నిద్రవొయిండు." చెంగుతో మొహం తుడుచుకుంది. "పచ్చ చీర గూడ కట్టుకుంటి బిడ్డా."

ఆ చీర సంగతి నేను కల్పించానని అప్పుడు చెప్పాలి. చెప్పాను. అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కుళాయి కట్టేసి, చాలాసేపు దాని మీదే చెయ్యి ఉంచి నిలబడింది.

మర్నాడు పొద్దున అంబికకు అన్నీ చెప్పేశాం, ఇద్దరం కలిసి. ఆమె కోప్పడింది, న్యాయంగానే. తర్వాత సరితను పిలిచి, మా ముందే అంది: "ఇంటోళ్లు చెప్తే సరిపోదు. పేషెంటు మొహం జూసి, పేషెంటునే అడగాలె." సరిత తల దించుకుంది. ఆ తప్పులో ఎక్కువ వంతు నాదని ఆ గదిలో అందరికీ తెలుసు. రామమ్మ మాత్రం ఏమీ తెలియనట్టు మొగుడి ఛాతీ చూస్తూ కూర్చుంది. అమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుని, తెచ్చిన అన్నం మూడు భాగాలు చేసింది. అంతకు ముందు మేము మంచం మీద తినేవాళ్లం, ఆమె కింద.

బాపుకు చెప్పడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. మధ్యాహ్నం. తడక మీద ఆశమ్మ నీళ్లు చల్లి వెళ్లింది. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు, పూర్తి మెలకువలో.

"బాపు, ఆ రోజు ఇంజక్షన్ నువ్వు అడగలే. నేనే ఇప్పించిన."

"ఎందుకు?"

"అదిస్తే నువ్వు మాట్లాడ్తవని."

తల తిప్పి నన్ను చూశాడు. "నేను మాట్లాడిన్నా? ఏం మాట్లాడిన?"

చెప్పాను. అక్షరాలు ఈదడం చెప్పాను, నుమాయిష్ చెప్పాను, గాజుల దుకాణం ముందు నిలబడడం చెప్పాను. చిట్టీ అన్నాడని మాత్రం చెప్పలేకపోయాను. ఆయన మొహం ఎర్రబడింది. ఎవరో తన బట్టలు విప్పి చూసినట్టు దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"గట్ల మందిచ్చి వింటరా?" అన్నాడు. "నన్ను అడగకపోతివి."

"అడిగితే చెప్తుంటివా బాపు?"

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఏదో మాటకు అర్థం వెతుకుతున్నట్టు.

"లేదు" అన్నాడు. "చెప్పకపోదును."

తడక నుంచి నీటి చుక్కలు గచ్చు మీద పడుతున్నాయి. బుగ్గయ్య నిద్రపోతున్నాడు. రామమ్మ చూపు అటు తిప్పుకుంది.

"ఇప్పుడైతే అడుగు" అన్నాడు బాపు.

ఇరవై ఏళ్ల ప్రశ్నలున్నాయి నా దగ్గర. ఒక్కటి కూడా గుర్తు రాలేదు. నుదుటి మీద ఆ ముడులు చూస్తుంటే ఒక్కటే నోటికొచ్చింది.

"నొప్పి ఉందా బాపు?"

ఏం లేదంటాడనుకున్నాను. జ్వరం వచ్చినా, వేలు తెగినా, వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఆయన అన్నది అదే మాట. ఆయన పెదాలు ఆ మాట కోసమే కదిలాయి కూడా. ఆగాయి.

"చాన ఉంది బిడ్డా" అన్నాడు.

"ఎట్లుంది?"

"పొడుస్తలేదు. కాలినట్టుంది. తుంటి కాడ మొదలై మోకాలు దాక గుంజుతది. పొద్దుగాల తక్కువుంటది, పగటీలి ఎక్కువైతది. దగ్గితే పాణం పోయినట్టైతది. అందుకే ఎవరన్న మాట్లాడిస్తే కసురుతున్న." ఊపిరి తీసుకున్నాడు. "మీ అమ్మకు గూడ చెప్పు. ఛాయ్ చల్లగుండి కాదని."

ఇంకా చెప్పాడు. మెల్లగా, మాట మాటకూ ఆగుతూ, సరైన మాట దొరికేదాకా వెతుక్కుంటూ. మగతలో మాట్లాడినట్టు అందంగా లేదు. చేపలు లేవు, నీళ్లు లేవు. ఒక మనిషికి ఎక్కడెక్కడ ఎంతెంత నొప్పి ఉందో, అంతే. చివరికి, "సిస్టర్‌ను అడుగు బిడ్డా, నొప్పికి ఏమన్న ఇయ్యమను" అన్నాడు.

అంతా విన్నాక లేచి సిస్టర్ అంబిక బల్ల దగ్గరికి వెళ్లాను. ఆమె చీటీ మీంచి తలెత్తి, "ఆయనే అడిగిండా?" అంది.

"ఆయనే అడిగిండు" అన్నాను. ఆమె లేచి వచ్చేలోపు, బాపు చెప్పినదంతా బాపు చెప్పిన వరుసలోనే, నా మాట ఒక్కటి కూడా కలపకుండా ఆమెకు చెప్పాను.